కీళ్లవాతానికి ఫోన్ యాప్: అలారం ఎలా పెట్టాలి, ఏం రాయాలి, ఏం రాయక్కర్లేదు?

#1 లంకగాలి
అందరికీ నమస్కారమండి. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న మనిషికి ఫోన్‌లో ఏ యాప్ పెడితే పని జరుగుతుందో తేల్చి చెప్పండి. మందులు ఇవీ: మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు వారానికోసారి, ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు వారానికోసారి, హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 రోజూ. వయసు 62. ఆండ్రాయిడ్ ఫోను. ఇంగ్లీషు చదవడం కష్టం. ఉండేది రాజోలు వైపు లంకలో, చూపించుకునేది కాకినాడలో, మూడు నెలలకోసారి. ప్లే స్టోర్‌లో వెతికితే పసుపు కషాయాల దగ్గర్నుంచి ముద్రల దాకా చాంతాడంత జాబితా వస్తోంది.

#2 మాత్రలపెట్టె
యాప్ పేరు తర్వాత చూద్దామండి, ముందు అలారం సంగతి. ఎంచేతంటే ఈ జబ్బులో ఫోన్ వల్ల ప్రాణం మీదకి తెచ్చే తప్పు ఒకటుంది: వారం మందుని రోజువారీ మందుగా ఎక్కించడం. చాలా యాప్‌లలో మందు పేరు కొట్టగానే ముందు కనిపించేది "రోజూ". దాన్ని మార్చకుండా సేవ్ నొక్కేస్తే అది రోజూ మోగుతుంది, పెద్దవాళ్లు రోజూ వేసేసుకుంటారు. మెథోట్రెక్సేట్ వరసగా రోజూ పడితే నోట్లో పుళ్లు, ఆ వెనకే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం. మనుషులు పోయిన కేసులున్నాయి.

అందుకని ఇలా పెట్టండి. "ఎన్నిసార్లు" అన్న చోట "వారంలో ఫలానా రోజులు" ఎంచుకుని మంగళవారం ఒక్కదానికే టిక్ పెట్టాలి. రాత్రి భోజనమయ్యాక, 8:30 అనుకోండి. ఫోలిక్ యాసిడ్‌ని శుక్రవారానికి వేరే మందుగా చేర్చండి. రెండూ ఒకే రోజు వద్దు. సోమవారం మాత్రం పెట్టుకోకండి. చీటీ మీద ఇంగ్లీషులో సోమవారాన్ని కుదించి రాసే మూడక్షరాలూ, పొద్దుటిని కుదించి రాసే నాలుగక్షరాలూ గబగబా రాస్తే ఒకేలా ఉంటాయి. "సోమవారం ఆరు మాత్రలు" కాస్తా "పొద్దున్నే ఆరు మాత్రలు" అయిపోతుంది.

ఇంకోటి. డోసు గడిలో "6 మాత్రలు" అని మాత్రమే రాసి వదిలేయకండి. మెథోట్రెక్సేట్ 2.5, 5, 7.5, 10, 15 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. 2.5వి ఆరు వేసుకుంటే 15. షాపులో 2.5 లేదని 10 స్ట్రిప్పు ఇస్తే, యాప్ మాత్రం ఆరే అని మోగుతూ ఉంటుంది. 60 మిల్లీగ్రాములు కడుపులోకి పోతాయి. కాబట్టి పేరు గడిలోనే తెలుగులో ఇలా కొట్టండి: "మెథో 2.5 మి.గ్రా. మాత్రలు 6, మొత్తం 15, మంగళవారం ఒక్కరోజే". స్ట్రిప్పు మారినప్పుడల్లా ఆ లైను తుడిచి మళ్లీ రాయాలి.

#3 కోడుగోదారి
పైన చెప్పినట్టు పెట్టినా సగం ఫోన్లలో మోగదు. కారణం యాప్ కాదు, ఫోన్ బ్యాటరీ పొదుపు. చెయ్యాల్సినవి నాలుగు:

సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ యాప్, దాని బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్". కొన్ని కంపెనీల ఫోన్లలో "ఆటోస్టార్ట్" అని వేరే మీట ఉంటుంది, అదీ ఆన్ చెయ్యాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకి విడిగా అనుమతి అడుగుతుంది. మొదటిసారి తెరిచినప్పుడు చిరాకుగా "వద్దు" కొట్టేసి ఉంటే అంతే సంగతులు. నాలుగోది చాలామందికి తెలీదు: ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసిన చాలా యాప్‌లకి కచ్చితమైన టైముకి మోగే హక్కు దానంతటది రాదు. స్పెషల్ యాప్ యాక్సెస్‌లో "అలారమ్స్ అండ్ రిమైండర్స్" తెరిచి ఇవ్వాలి. ఇవ్వకపోతే 8:30 మందు 9:10కి మోగొచ్చు, స్క్రీన్ వెలిగించేదాకా ఊరుకోనూ వచ్చు.

పరీక్షించడంలో కూడా మోసపోతారు. ఐదు నిమిషాల తర్వాతకి ఉత్తుత్తి డోసు పెట్టి, ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తే ఎప్పుడూ మోగుతుంది. ఛార్జర్ తీసేసి, రాత్రంతా బల్ల మీద కదపకుండా ఉంచి, తెల్లారి 5 గంటలకి పెట్టి చూడండి. ఫోన్ గాఢనిద్రలోకి వెళ్లేది అప్పుడే.

#4 పంటకాలువ
మైథెరపీయా, మెడిసేఫా? ఒక్క ముక్కలో చెప్పండి.

#5 కోడుగోదారి
వారంలో ఒకరోజు పెట్టుకోవడం రెండిట్లోనూ కుదురుతుంది. నన్నడిగితే వాటికన్నా ముందు ఫోన్‌తో వచ్చిన గడియారం యాప్‌లోనే మంగళవారం అలారం ఒకటి పెట్టి, పేరు "మెథో" అని రాయండి. దాన్ని బ్యాటరీ పొదుపు ముట్టుకోదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, ఆపేదాకా కూస్తుంది. గూగుల్ క్యాలెండర్‌ని నమ్ముకోకండి, ఒకసారి టింగుమని ఊరుకుంటుంది. మందుల యాప్ పని గుర్తుచేయడం కన్నా "వేసుకున్నాను" అని నమోదు చేయడం. అలారం విని మందేసుకుని, వేసుకున్న సంగతి మర్చిపోయి, గంటాగి మళ్లీ వేసుకునే ప్రమాదం ఉంది చూశారా, దానికి పనికొస్తుంది.

#6 పంటకాలువ
మంగళవారం మర్చిపోయి గురువారం గుర్తొస్తే?

#7 మాత్రలపెట్టె
రెండు రోజుల లోపైతే వేసుకోవచ్చు. దాటితే ఆ వారం వదిలేయడమే. రెండు వారాలవి కలిపి ఒకేసారి వేసుకోవడం ఎప్పుడూ కూడదు. తర్వాతి డోసు మళ్లీ మామూలు మంగళవారమే.

ఇక్కడే యాప్ ఒక మెలిక పెడుతుంది. "ప్రతి మంగళవారం" వేరు, "7 రోజులకోసారి" వేరు. రెండోది ఎంచుకుంటే కొన్ని యాప్‌లు చివరిసారి వేసుకున్న రోజు నుంచి లెక్కపెడతాయి. గురువారం వేసుకుంటే ఇక అన్నీ గురువారాలే, ఫోలిక్ యాసిడ్ మాత్రం శుక్రవారమే. రెండు నెలలకి ఏది ఏ రోజో ఎవరికీ తెలీదు.

#8 అంకెలపిచ్చి
అలారం అయిందిగా, ఇక రాసుకునే సంగతి. నిద్ర, మలం, మూడ్, అడుగులు, తిన్న కూర, ఇలా ఇరవై గడులున్న యాప్ పెడితే పది రోజుల్లో మానేస్తారు. వారానికి ఒకసారి, అదీ మంగళవారం మాత్రకి ముందు, జబ్బు ఎంతుందో కొలిచే రాపిడ్-3 అనే ప్రశ్నపత్రం ఒక్కటి నింపితే చాలు. డాక్టరు ముట్టుకోనక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు, అందుకే ఫోన్‌కి సరిపోతుంది.

అందులో మూడు భాగాలు. మొదటిది పది పనులు: బొత్తాలు పెట్టుకుని బట్టలు కట్టుకోవడం, మంచం దిగడం ఎక్కడం, నిండు గ్లాసు నోటిదాకా ఎత్తడం, చదును నేల మీద నడవడం, స్నానం చేసి తుడుచుకోవడం, కిందపడ్డ బట్ట వంగి తీయడం, కుళాయి తిప్పడం, కారో బస్సో ఎక్కి దిగడం, మూడు కిలోమీటర్లు నడవడం, ఇష్టమైన ఆటాపాటా. ఇబ్బంది లేకపోతే 0, కొంచెం 1, బాగా 2, అసలు చెయ్యలేకపోతే 3. మొత్తం 30కి వస్తుంది, మూడుతో భాగించండి, 10కి వస్తుంది. రెండో భాగం నొప్పి, 0 నుంచి 10. మూడోది "మొత్తమ్మీద ఎలా ఉన్నారు", 0 నుంచి 10. కలిపితే 30కి.

3 లోపు అయితే దాదాపు అణిగినట్టే. 6 దాకా తక్కువ, 12 దాకా మధ్యస్థం, 12 దాటితే తీవ్రం.

ఉదాహరణకి పనుల దగ్గర 30కి 9 వచ్చింది, అంటే 3. నొప్పి 4, మొత్తమ్మీద 4. కలిపితే 11. మధ్యస్థం. ఆ 9ని భాగించకుండా అలాగే వేస్తే 17 అయి, జబ్బు ముదిరిపోయినట్టు చూపిస్తుంది. సొంతంగా గూగుల్ షీట్‌లో చేసుకునేవాళ్లు ఎక్కువగా పడే గోతి ఇదే.

నాలుగో అంకె ఒకటి నేనైతే చేరుస్తాను: పొద్దున్నే కీళ్లు పట్టేసి ఎన్ని నిమిషాలున్నాయి. లేచిన టైము, చెంబు గట్టిగా పట్టుకోగలిగిన టైము, ఈ రెండిటికీ తేడా. "చాలాసేపు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. అరగంట దాటి రోజూ ఉంటే అది లోపలి వాపు తాలూకుది.

#9 లంకగాలి
ఈ పది పనుల్లో మనవి పెట్టుకోవచ్చాండీ? కొబ్బరికాయ కొట్టడం, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, పచ్చడి రుబ్బడం?

#10 అంకెలపిచ్చి
పెట్టుకోండి, కాని పదింటి బయట. పదిలో ఒకటి తీసి ఇంకోటి వేస్తే వచ్చే స్కోరుకి పైన చెప్పిన 3, 6, 12 హద్దులు వర్తించవు. కుచ్చిళ్లు మాత్రం గొప్ప కొలతండీ, బొటనవేలు, చూపుడువేలు, మణికట్టు మూడూ బయటపడతాయి. పదకొండో వరసలో విడిగా రాసుకోండి.

#11 ల్యాబుబల్ల
28 కీళ్లు చూసి జబ్బు తీవ్రతకి వేసే అంకె, డాస్-28, దాన్ని లెక్కగట్టే యాప్‌లు కూడా వాడుతున్నారు జనం, వాటి గురించి ఒక మాట. 28 కీళ్లంటే భుజాలు 2, మోచేతులు 2, మణికట్లు 2, మెటికలు 10, వేళ్ల నడిమి కణుపులు బొటనవేళ్లతో కలిపి 10, మోకాళ్లు 2. పాదాలు ఇందులో లేవు. పాదాల్లోనే వాపున్నవాళ్లకి స్కోరు బంగారంలా కనిపిస్తుంది.

అసలు చిక్కు యూనిట్ల దగ్గర. సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష. దాన్ని కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసీలీటరుకి ఇస్తాయి. పదిరెట్లు తేడా. డెసీలీటరుకి 2.4 అంటే లీటరుకి 24. యాప్ అడిగేది లీటరు లెక్క. నొప్పి కీళ్లు 4, వాపు కీళ్లు 2, మొత్తమ్మీద 100కి 40 ఉన్న మనిషికి 24 వేస్తే స్కోరు 4.19. పొరపాటున 2.4 వేస్తే 3.48. ఏ మందూ మార్చకుండా 0.7 తగ్గిపోయింది! 0.6 దాటిన మార్పుని డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు, అంటే యూనిట్ తప్పే మందు గుణంలా కనిపిస్తుంది. అలాగే "మొత్తమ్మీద" గడి ఇక్కడ 100కి, రాపిడ్-3లో 10కి. 40 బదులు 4 కొడితే ఇంకో అర పాయింటు ఎగిరిపోతుంది.

2.6 లోపు అణిగినట్టు, 3.2 దాకా తక్కువ, 5.1 దాకా మధ్యస్థం, పైన తీవ్రం.

సీఆర్‌పీ బదులు ఈఎస్ఆర్ అనే ఇంకో వాపు పరీక్షతో లెక్క కట్టించుకునేవాళ్లకి ఇంకోటి. తీసిన రక్తం మామూలు గది వేడిలో ఉంటే నాలుగు గంటల్లోపు పరీక్షకి పెట్టాలి, ఆలస్యమైతే అంకె తగ్గి వస్తుంది. ఊళ్లో కలెక్షన్ సెంటర్లో పొద్దున ఏడింటికి తీసి, మధ్యాహ్నం బస్సుకి పట్నం పంపే చోట ఆ అంకెని నమ్మకండి. రక్తహీనత ఉంటే జబ్బు లేకపోయినా ఈఎస్ఆర్ పెరుగుతుంది. కాబట్టి యాప్‌లో అంకె పక్కన హిమోగ్లోబిన్ కూడా రాయండి. ఎప్పుడూ ఒకే ల్యాబు.

#12 మాత్రలపెట్టె
ల్యాబు మాటొచ్చింది కాబట్టి, పరీక్షలకి కూడా అలారాలు పెట్టుకోండి. సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్ ఎంజైములు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష): మెథోట్రెక్సేట్ మొదలెట్టిన మూడు నెలలు 2 నుంచి 4 వారాలకోసారి, ఆ తర్వాత ఆరో నెల దాకా 8 నుంచి 12 వారాలకోసారి, ఆపైన 12 వారాలకోసారి. డోసు పెంచితే మళ్లీ దగ్గర దగ్గరగా. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి కంటి పరీక్ష మొదటి ఏడాదిలో ఒకటి, ఐదేళ్లు నిండాక ఏటా. కిడ్నీ బాగోకపోతే ముందునుంచే ఏటా. రోజుకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు; 55 కిలోలుంటే 275. అందుకే యాప్‌లో బరువు గడి ఖాళీగా ఉంచకండి. మనిషి చిక్కితే ఆ హద్దూ తగ్గుతుంది.

#13 గట్టుమీద
ముసురు పట్టినా, తూరుపుగాలి తిరిగినా కీళ్లు ముందే చెబుతాయంటారు మన వైపు. వాతావరణం కూడా యాప్‌లో రాసుకుంటే నొప్పి ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది కదా?

#14 అంకెలపిచ్చి
దీని మీద ఫోన్‌తోనే చేసిన పెద్ద పరిశోధన ఉంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు బ్రిటన్‌లో 2,658 మందితో రోజూ యాప్‌లో నొప్పి నమోదు చేయించి, ఫోన్ ఉన్నచోటి వాతావరణంతో సరిపోల్చారు. 2019లో అచ్చయింది. తేమ ఎక్కువ, గాలి పీడనం తక్కువ, గాలి జోరు ఉన్న రోజుల్లో నొప్పి కొంచెం ఎక్కువన్నది నిజమే తేలింది. కాని ఎంత? మామూలు రోజున నూటికి 5 ఉండే అవకాశం తేమా గాలీ కలిసిన రోజున 6. అంతే. జనం అనుకునేంత కాదు.

పైగా అది బ్రిటన్ చలి తేమ. మన దగ్గర ఆగస్టులో రోజూ తేమే, ఏ రోజుతో ఏ రోజుని పోలుస్తారు? నొప్పి పెరిగింది ముసురు వల్లలే అనుకుని వాపుని మూడు వారాలు చూడకుండా వదిలేయడం అసలు నష్టం. వాతావరణం గడి వద్దంటాను.

#15 గట్టుమీద
సరే, ఒప్పుకుంటాను. ముసురు గడి పోయినా వరద గడి కావాలి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. లంకల్లో ఉన్నవాళ్లు జూలై నుంచి సెప్టెంబరు దాకా మందుల యాప్‌లో "నిల్వ తక్కువ" హెచ్చరికని 3 రోజులకి కాకుండా 21 రోజులకి పెట్టుకోవాలి. మొదటి హెచ్చరిక టీవీలో చూసి బయల్దేరితే పడవ రేవు దగ్గర జనం ఉంటారు. నిల్వ గడిలో మాత్రల సంఖ్య వేస్తే, టిక్ పెట్టిన ప్రతిసారీ యాప్ తగ్గించుకుంటూ పోతుంది. మెథో 6 మాత్రలైతే 6 తగ్గేలా డోసు పెట్టారో లేదో చూడండి. 1 అని ఉంటే ఆరు వారాల మందు ఉన్నట్టు చూపించి వారంలో ఖాళీ అవుతుంది.

#16 మాత్రలపెట్టె
భలే పట్టుకున్నారు, అది నేను మర్చిపోయాను.

యాప్‌లో కచ్చితంగా ఉండాల్సిన ఇంకో గడి: బయట కొని వేసుకున్న ప్రతి మాత్రా. మెడికల్ షాపులో "కీళ్లనొప్పులకి" అని కలిపి ఇచ్చే పొట్లాల్లో డెక్సామెథసోనో, బీటామెథసోనో లాంటి స్టెరాయిడ్ ఉంటే ఆ వారం స్కోరు అద్భుతంగా తగ్గుతుంది, డాక్టరు మందు పనిచేస్తోందనుకుంటారు. నెలా రెణ్నెల్లు వాడేసిన స్టెరాయిడ్‌ని ఒక్కసారి ఆపడం కూడా ప్రమాదం, అందుకైనా రాసి ఉండాలి. పేరు తెలీకపోతే పొట్లం ఫోటో తీసి ఆ తేదీకి తగిలించండి.

జ్వరానికో, మూత్రంలో మంటకో వెళ్లినప్పుడు కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే అక్కడే ఆపించాలి. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు పడిపోతాయి. యాప్‌లో అలర్జీల గడి ఉంటుంది, అలర్జీ కాకపోయినా అందులోనే రాసి పెట్టండి: "మెథోట్రెక్సేట్ వాడుతున్నారు, కోట్రైమాక్సజోల్ వద్దు". కొత్త డాక్టరు ముందుగా చూసేది ఆ గడే. జ్వరం, పొడిదగ్గుతో ఆయాసం, నోటిపూత, ఒంటి మీద కమిలిన మచ్చలు, వీటిలో ఏది వచ్చినా గ్రాఫులు గీసుకుంటూ కూర్చోకుండా, తర్వాతి మెథో డోసు వేసే ముందే డాక్టరుకి ఫోన్.

#17 తాటితోపు
ఇంజెక్షన్ వాడేవాళ్ల మాటేమిటండీ? అడాలిముమాబ్ 40, రెండు వారాలకోసారి.

#18 మాత్రలపెట్టె
అక్కడ మాత్రం "14 రోజులకోసారి" అనే పెట్టాలి, ఎందుకంటే చాలా యాప్‌ల వారాల పట్టికలో వారం విడిచి వారం అన్నది ఉండదు. మొదలెట్టిన తేదీ సరిగ్గా వేయండి. కుడి తొడ, ఎడమ తొడ, పొట్ట, ఏ వైపు గుచ్చారో నోట్‌లో రాసుకుంటే మళ్లీ అదే చోట పడదు.

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీలు. తలుపు అర వద్దు, ఫ్రీజర్ గోడకి ఆనించొద్దు. గడ్డకట్టిందంటే కరిగించి వాడకూడదు, పారేయడమే. ఈ మందు మొదట తెచ్చిన కంపెనీ కరపత్రంలో 25 డిగ్రీల లోపు 14 రోజులు బయట ఉంచొచ్చని ఉంటుంది. మే నెలలో భీమవరంలో 25 డిగ్రీల గది ఎక్కడుంది? తుపానుకి కరెంటు పోతే థర్మాకోల్ డబ్బా, ఐస్ ప్యాకులు, ఐసుకీ సిరంజి పెట్టెకీ మధ్య మడతపెట్టిన తువ్వాలు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుంచుకునే థర్మామీటరు ఒకటి లోపల పడేసి, కరెంటు వచ్చాక ఆ రెండంకెలూ యాప్‌లో రాయండి. మీరు కొన్న కంపెనీ కరపత్రంలో రోజుల లెక్క వేరేగా ఉంటే దాన్నే పాటించాలి.

#19 కోడుగోదారి
సమాచారం ఎవరి చేతికి పోతుందో ఎవరూ అడగలేదు. వేసే ముందు రెండు చూడండి: పీడీఎఫ్‌గానో సీఎస్‌వీగానో బయటికి తీసుకునే వీలుందా, ఖాతా తెరవకుండా పనిచేస్తుందా. మొదటిది లేని యాప్ ఎంత అందంగా ఉన్నా వద్దు. ఫోన్ కాలవలో పడితే మూడేళ్ల రికార్డు దాంతోనే మునుగుతుంది. నెలకోసారి ఆ ఫైలు తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపండి. కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఇవ్వొద్దు, మాత్ర గుర్తుచేయడానికి మీ బంధువుల నంబర్లెందుకు?

రిపోర్టులకైతే ఆభా, అంటే ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా ఉంది. 14 అంకెల నంబరు తీసుకుని ఆ యాప్‌లో ల్యాబు కాగితాలు ఎక్కించుకోవచ్చు. డాక్టరు చూడాలంటే మీ అనుమతి అడుగుతుంది, ఎన్నాళ్లకి ఇవ్వాలో మీరే పెట్టొచ్చు. ఏళ్ల తరబడి కాకుండా ఆ విజిట్‌కి సరిపోయేంత ఇవ్వండి.

#20 అంకెలపిచ్చి
చివరికి కాకినాడ వెళ్లేటప్పుడు ఫోన్ చేతికిస్తే ఎవరూ చూడరు, ఓపీలో అంత తీరిక ఉండదు. యాప్ ఇచ్చే పన్నెండు పేజీల పీడీఎఫ్ కూడా అంతే. ఒకే కాగితం. పైన మందులు, మిల్లీగ్రాములతో. కింద పన్నెండు వారాల రాపిడ్-3 అంకెలు ఒకే వరసలో, ఉదాహరణకి 11, 11, 10, 9, 9, 13, 14, 12, 9, 8, 8, 7. ఆ 13, 14 కింద చిన్నగా "మెథో తప్పింది" అనో "జ్వరం" అనో ఒక్క మాట. పట్టేసిన నిమిషాలు అప్పుడెంత, ఇప్పుడెంత. తప్పిన డోసులు ఎన్ని. వాచిన కీలు ఫోటో ఒకటి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, పొద్దుటి వెలుగులో, ఎప్పుడూ అదే దూరం నుంచి. పొద్దెక్కేకొద్దీ వాపు తగ్గొచ్చు, ఓపీ టైముకి ఏమీ కనపడకపోవచ్చు.

అంకె చూసి మందు సొంతంగా తగ్గించమనే యాప్ ఏదైనా ఉంటే దాన్ని తీసేయండి.

#21 లంకగాలి
చాలా సంతోషమండి. గడియారంలో మంగళవారం అలారం పెట్టాం, మైథెరపీలో మెథో, ఫోలిక్ విడివిడిగా ఎక్కించాం. ఒక్క అనుమానం: ఇంగ్లీషు రాదు కదా, అలారం మోగినప్పుడు ఏ మాత్రో ఎలా తెలుస్తుంది? ఫోలిక్ మాత్ర కూడా చిన్నగా పసుపుపచ్చగానే ఉంది, మెథో కూడా అదే రంగు.

#22 మాత్రలపెట్టె
రంగుని నమ్ముకోవద్దు, కంపెనీ మారితే రంగు మారుతుంది. మెథో స్ట్రిప్పులన్నీ ఒక డబ్బాలో వేసి మూత మీద మార్కర్‌తో పెద్దగా "మం" అని రాయండి. ఫోలిక్ డబ్బా మీద "శు". యాప్‌లో మందు పేరుకి ముందు కూడా అవే అక్షరాలు పెట్టండి. రెండు డబ్బాలూ ఒకే అరలో ఉండకూడదు. ఆదివారం సాయంత్రం ఇంట్లో ఇంకొకరు మెథో ఆరు మాత్రలు లెక్కపెట్టి చిన్న కవర్లో వేసి ఉంచితే, మంగళవారం రాత్రి డబ్బా తెరవాల్సిన పనే ఉండదు. కవరు ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, టిక్ పెట్టినా పెట్టకపోయినా.